ఏది చప్పుడు, ఏది లొల్లి?

(పెన్షనర్ల దినోత్సవం నాడు ఏర్గట్లలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. 1982లో సుప్రీంకోర్టు ఆ రోజున పింఛను అంటే సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పింది. అందుకే ఈ వేదిక మీద ఏటా కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి, పీఆర్సీ బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు నన్ను పిలిచి, శబ్ద కాలుష్యం నియమాల మీద ఒక అరగంట మాట్లాడమన్నారు. కారణం మీకు తెలియనిది కాదు. గడిచిన వినాయక చవితి మొదలు పెండ్లిళ్ల ముహూర్తాలు అయ్యే దాకా మన సభ్యులు ముగ్గురు వేర్వేరుగా ఒకే బాధ చెప్పుకున్నారు. అందులో ఒకాయన భార్యకు పక్షవాతం. వాళ్ల ఇంటి గోడకు పది గజాల దూరంలో మండపం. తొమ్మిది రాత్రులు ఆమెను తీసుకుని నిజామాబాదులో కూతురి ఇంట్లో ఉండి వచ్చారు. సొంత ఇల్లు, జీపీఎఫ్ డబ్బులతో కట్టుకున్న ఇల్లు, పండుగ వస్తే తాళం వేసి పోవలసి వస్తున్నది. ఇది చిన్న సంగతి అని నేను అనుకోను.

మన భాషలో చప్పుడు వేరు, లొల్లి వేరు. చప్పుడు అనే మాటకు తప్పు అంటదు. డప్పు చప్పుడు అంటాం, గజ్జెల చప్పుడు అంటాం. పొద్దున లేవగానే వాకిలి ఊడ్చే చప్పుడు వినపడకపోతే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగా లేదని అర్థం. లొల్లి అంటే మాత్రం మనకు అక్కర లేనిది, మన మీద వచ్చి పడేది. బోధన్ మిత్రులను అడగండి. 1930ల చివరలో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. సీజన్ నడిచినన్నాళ్లు శక్కర్‌నగర్‌లో రాత్రంతా మిల్లు రొద, చెరుకు లారీల రాకపోకలు. దాన్ని ఎవరూ లొల్లి అనలేదు. ఆ చప్పుడు వెనక జీతం ఉండేది, ఊరి దుకాణాలకు బేరం ఉండేది. అంటే ఎంత పెద్దగా ఉన్నది అన్నది ఒక్కటే లెక్క కాదు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మరి చట్టం ఈ రెండింటినీ ఎట్లా వేరు చేసింది? చట్టం చేతిలో మూడు కొలకర్రలు ఉన్నాయి. మొదటి రెండింటి గురించే అందరూ మాట్లాడతారు. మన వంటి వాళ్లకు అక్కరకు వచ్చేది మూడోది.

మొదటిది పాత కొలకర్ర. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 268వ సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో అది 270వ సెక్షను అయింది. నంబరు మారింది గాని విషయం మారలేదు. చుట్టుపక్కల నివసించే ప్రజలకు ఉమ్మడిగా హాని, ప్రమాదం, చిరాకు కలిగించే పని ఏదైనా పబ్లిక్ న్యూసెన్స్ అని దాని సారం. ఇందులో డెసిబెల్ లేదు, మీటరు లేదు. మనిషికి కలిగిన బాధే కొలత. ఆ సెక్షను చివరన ఇంకొక మాట ఉన్నది, అది నాకు చాలా నచ్చిన మాట. ఆ పని వల్ల కొందరికి సౌకర్యమో లాభమో ఉన్నదని చెప్పి న్యూసెన్సును మాఫీ చేయడానికి వీలు లేదు. పది మందికి ఆనందంగా ఉంది కదా అనే వాదనకు 1860లోనే జవాబు రాసిపెట్టారన్న మాట.

అయితే శిక్ష మాత్రం పేరుకే. పాత చట్టంలో జరిమానా 200 రూపాయల దాకా, కొత్త చట్టంలో 292వ సెక్షను కింద 1,000 రూపాయల దాకా. డీజే ఒక్క రాత్రి కిరాయి ముందర వెయ్యి రూపాయలు ఎంత? అందుకే జరిమానా కంటే ఆపమని ఇచ్చే ఉత్తర్వుకు విలువ ఎక్కువ. సీఆర్‌పీసీ 133, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 152. దాని కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇస్తారు. ఫలానా తేదీలోగా తొలగించు, లేదా వచ్చి కారణం చెప్పు అని. నేను తహసీలు ఆఫీసులో మెజిస్టీరియల్ సీటు చూసినప్పుడు ఇటువంటి మిసిళ్లు కొన్ని నా చేతి మీదుగా పోయినవి. ఒకటి ఇప్పటికీ యాదికి ఉన్నది. ఒక ఊళ్లో ఇండ్ల నడుమ పిండి గిర్ని పెట్టారు. రాత్రి తొమ్మిది దాటినా నడిచేది. పక్కింటాయన ఒక్కడే అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు పోతే మిగతా వాడకట్టు అంతా, మాకేం బాధ లేదు సార్, దగ్గరలో గిర్ని ఉంటే మాకే మంచిది అన్నారు. మిసిలు మూతపడింది. ఈ కొలకర్రతో వచ్చే చిక్కు అదే. ఒక్కడి బాధ పబ్లిక్ న్యూసెన్స్ కాదు. ఒక్కడి బాధకు సివిల్ కోర్టు దారి. పదేండ్లు తిరిగే ఓపిక ఉండాలి. మన వయసులో ఆ సలహా ఎవరికీ ఇవ్వను.

ఇక రెండోది మీటరు కొలకర్ర. 1987లో గాలి కాలుష్య చట్టాన్ని సవరించి, శబ్దాన్ని కూడా కాలుష్య పదార్థాల జాబితాలో చేర్చారు. తర్వాత పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000 ఫిబ్రవరి 14న శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు వచ్చాయి. ఇవే ఈనాటికీ నడుస్తున్నవి, సవరణలతో. ఇందులో ఊరిని నాలుగు భాగాలు చేశారు. పరిశ్రమలు ఉన్న చోట పగలు 75 డెసిబెల్స్, రాత్రి 70. వ్యాపార ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. దవాఖానలు, బడులు, కోర్టుల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మిగిలింది రాత్రి.

మనం ఇద్దరం ఎదురెదురుగా కూచుని మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. గుసగుస 30. బరాత్‌లో డీజే డబ్బాల ముందర నిలబడితే 100 దాటడం మామూలే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది రూపాయల లెక్క వంటిది కాదు. 55 నుంచి 65కు పోతే పది ఎక్కువ అయిందని అనుకుంటాం. నిజానికి శబ్ద శక్తి పదింతలు అవుతుంది. 45 నుంచి 75కు పోతే వెయ్యింతలు. మన పీఆర్సీ కూడా ఈ లెక్కన ఇస్తే ఎంత బాగుండేదో!

ఈ కొలకర్ర శాస్త్రీయమే, కాదనను. కాని దీనికి మూడు నాలుగు చిల్లులు ఉన్నాయి. నియమాల్లో ఉన్న డెసిబెల్ పక్కన ‘ఎ’ అనే అక్షరం బ్రాకెట్‌లో ఉంటుంది. మనిషి చెవి సన్నని శబ్దాన్ని ఎక్కువగా, లావు శబ్దాన్ని తక్కువగా వింటుంది కాబట్టి, మీటరు కూడా అట్లాగే లెక్క కట్టాలని ఆ అక్షరానికి అర్థం. డీజేలో మన గోడలు దాటి వచ్చేది ఏది? ఆ దబ్ దబ్ అనే లావు శబ్దమే. తలుపులు మూస్తే పాట వినపడదు, బేస్ మాత్రం ఇంట్లోకి వస్తుంది, చెంబులు, గ్లాసులు కదులుతాయి, గుండెకాయ మీద ఎవరో గుద్దినట్టు ఉంటుంది. ఆ శబ్దాన్నే ఈ మీటరు బాగా తగ్గించి చూపుతుంది. రెండోది, ఇది సగటు లెక్క. కొంత సేపటి శబ్దాన్ని మొత్తం కలిపి సగటు తీస్తారు. నిద్రలో ఉన్న మనిషి పక్కన ఒక్క లక్ష్మీబాంబు పేలితే సగటులో అది ఎక్కడో కలిసిపోతుంది, ఆ మనిషి మాత్రం తెల్లవార్లూ మేలుకుని ఉంటాడు. ఇంకొకటి, ఏది ఏ ప్రాంతం? పట్నంలో నక్షా గీసి రంగులు వేయవచ్చు. మన ఏర్గట్లలో ఇంటి పక్కన ఎరువుల దుకాణం, దాని పక్కన వెల్డింగ్ షెడ్డు, ఎదురుగా బడి. ఇది నివాస ప్రాంతమా, వ్యాపార ప్రాంతమా అని వాదించుకుంటూ కూచుంటే పెండ్లి అయిపోయి పిల్ల అత్తగారింటికి పోతుంది.

దవాఖాన చుట్టూ 100 మీటర్ల సంగతి కూడా చెప్పాలి. అది తనంతట తాను నిశ్శబ్ద మండలం అవుతుందని చాలామంది అనుకుంటారు. 2017 ఆగస్టు 10న వచ్చిన సవరణ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప ఏ స్థలమూ నిశ్శబ్ద మండలం కాదు. కాబట్టి బోర్డు కనపడిందా, నోటిఫికేషన్ ఉన్నదా అని అడగండి. లేకపోతే మన పీహెచ్‌సీకి అది కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి.

ఇప్పుడు మూడో కొలకర్రకు వస్తున్నాను. అది గడియారం.

5వ నియమం ఏమంటుందంటే, లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా మైకు వాడరాదు, పగలైనా సరే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు గాని, శబ్దం పెంచే యంత్రం గాని, వాయిద్యం గాని వాడనే రాదు. మూసి ఉన్న ఆడిటోరియం, సమావేశ మందిరం, విందు హాలు వంటి చోట లోపలి వాళ్ల కోసం వాడుకోవచ్చు. ప్రజలకు ఆపద వచ్చిన వేళ వాడవచ్చు. అంతే. ఇక్కడ ఎన్ని డెసిబెల్స్ అనే ప్రశ్న లేదు. పది అయిందా లేదా అన్నదే ప్రశ్న. గడియారం ప్రతి ఇంట్లో ఉన్నది, ప్రతి జేబులో సెల్‌ఫోన్ ఉన్నది. 5‑ఎ నియమం ప్రకారం రాత్రి వేళ నివాస ప్రాంతాల్లో హారన్ కొట్టరాదు, చప్పుడు చేసే పటాకులు పేల్చరాదు, చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపరాదు. ఇది కూడా గడియారం లెక్కే.

ఫైళ్లు చూసిన చేతికి ఒక అలవాటు ఉంటుంది. సవరణ వస్తే ఏ మాట తీసేశారు, ఏ మాట చేర్చారు అని వెతుకుతాం. 7వ నియమం ఫిర్యాదు గురించి. 2000లో అది వచ్చినప్పుడు ఏమి రాసి ఉన్నదంటే, ఆ ప్రాంతానికి నిర్ణయించిన హద్దు కంటే 10 డెసిబెల్స్ గాని అంతకు మించి గాని శబ్దం ఎక్కువైతే ఫిర్యాదు చేయవచ్చు అని. అంటే ఫిర్యాదు చేసేవాడు ముందు కొలత చూపాలి. మన దగ్గర ఎవరి దగ్గర ఉంటుంది ఆ మీటరు? 2010 జనవరి 11న సవరణ వచ్చింది. అందులో ఆ వాక్యానికి ఒక తోక చేర్చారు. రాత్రి వేళకు పెట్టిన ఆంక్షలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు అని. ఒక్క ‘లేదా’. ఆ ‘లేదా’ తర్వాత డెసిబెల్ లేదు. పది దాటిన తర్వాత మైకు మోగితే చాలు, అది ఉల్లంఘనే. మీటరు తెమ్మనే హక్కు ఎవరికీ లేదు.

ఈ ముచ్చట ఇంత సాగదీసి ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదట చెప్పిన ఆ సభ్యుడు ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుని పోయారు. రాత్రి పన్నెండున్నర దాకా డీజే మోగిందని తేదీలతో సహా రాశారు. శబ్దం ఎంత ఉన్నదో రీడింగ్ జతపరచలేదని చెప్పి ఆ అర్జీని వాపసు చేశారు. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అవసరం లేదు. ఆయన ముప్ఫై మూడేండ్లు సర్కారు నౌకరీ చేసిన మనిషి. ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చారు. ఈసారి ఎవరైనా రీడింగ్ అడిగితే 7వ నియమం, 2010 సవరణ అని చెప్పండి. కాగితం మీద రాసి ఉంచుకోండి. నంబరు వేసి రాసిన అర్జీని వాపసు చేయడానికి గుమాస్తా కొంచెం ఆలోచిస్తాడు. ఆ కుర్చీలో కూచున్న వాణ్ని కాబట్టి చెబుతున్నాను.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు రాత్రి 10 నుంచి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు, ఏడాది మొత్తం మీద 15 రోజులు మించకుండా. 2005 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఈ సడలింపును సమర్థించింది. ఆ రోజులు ఏవన్నది ప్రభుత్వం గాని, ప్రభుత్వం అధికారం ఇచ్చిన జిల్లా అధికారి గాని ముందుగానే ప్రకటించాలి. అప్పటికప్పుడు మండపం దగ్గర నిలబడి, ఇయ్యాల పన్నెండు దాకా నడవనియ్యండి అని ఏ నాయకుడు చెప్పినా అది చెల్లదు. పన్నెండు దాటితే ఎవరు చెప్పినా చెల్లదు. మన గల్ఫ్ తమ్ముళ్లు రెండేండ్లకు ఒకసారి నెల రోజుల సెలవు మీద వచ్చి పెండ్లి చేసుకుంటారు. ఎడారిలో రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించిన సొమ్ము, ఘనంగా చేసుకోవాలని ఉండదా? చేసుకోనివ్వండి. బరాత్‌ను ఏడింటికి మొదలు పెట్టి పదింటికి ఇంటికి చేర్చమనే కదా మనం అడిగేది.

పగటి పూట కూడా అంతా విడిచిపెట్టలేదు. బహిరంగ స్థలంలో మైకు పెడితే ఆ స్థలం హద్దు దగ్గర శబ్దం, అక్కడి పరిమితికి 10 డెసిబెల్స్ మించరాదు, లేదా 75 దాటరాదు, రెండింటిలో ఏది తక్కువైతే అది. సొంత ఇంట్లో అయితే గోడ అవతల 5 డెసిబెల్స్ మించరాదు. ఈ రెండో మాట మనలో కొందరికి కూడా వర్తిస్తుంది. చెవులు మందగించి టీవీలో సీరియల్ వీధి చివరి దాకా వినిపించే ఇండ్లు మన సభ్యుల్లోనూ ఉన్నాయని కొందరు కోడళ్లు నాకు చెప్పారు. పేర్లు చెప్పను.

డప్పు సంగతి ఏమిటని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. రాత్రి పది తర్వాత వాయిద్యం అన్న మాటలో డప్పు కూడా వస్తుంది. కాని డప్పుకు ఒక హద్దు సహజంగానే ఉన్నది. కొట్టేవాడి చేతులు నొస్తాయి, డప్పు చల్లబడుతుంది, మంట దగ్గర కాపాలి, నడుమ కాసేపు ఆగాలి. జనరేటర్‌కు చేతులు నొయ్యవు. ఒక్క డీసీఎం బండి మీద పేర్చిన డబ్బాలు వచ్చిన తర్వాత, తరాలుగా పెండ్లికి, చావుకు డప్పు కొట్టి బతికిన వాళ్లకు పిలుపులు తగ్గినవి. శబ్దం మీద మాట్లాడేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

ఇది ఒక మతం మీదకు పోయే మాట కాదు అని స్పష్టంగా చెప్పదలచుకున్నాను. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక చర్చి కేసులో తీర్పు ఇచ్చింది. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ, మైకులు పెట్టి, డప్పులు కొట్టి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని అందులో అన్నారు. గుడికి, మసీదుకు, చర్చికి, గురుద్వారాకు, ఎన్నికల ప్రచారానికి గంట ఒక్కటే. ఒకరి మైకు మీద అర్జీ పెట్టి, ఇంకొకరి మైకు విని ఊరుకునే వాళ్లకు ఈ నియమాల మీద మాట్లాడే అర్హత లేదు.

అంతకు ముందు 1996లో కలకత్తా హైకోర్టులో జస్టిస్ భగవతీప్రసాద్ బెనర్జీ గారు ఇంకొక కోణం చూపారు. మాట్లాడే స్వేచ్ఛ ఉన్నట్టే, వినకుండా ఉండే స్వేచ్ఛ కూడా మనిషికి ఉన్నది, ఎవరినీ బలవంతపు శ్రోతను చేయరాదు అని. పత్రిక నచ్చకపోతే పక్కన పెడతాం, రేడియో కట్టేస్తాం. చెవికి మాత్రం రెప్ప లేదు కదా. ఆ తర్వాత 2005 జులై 18న ప్రధాన న్యాయమూర్తి లాహోటీ గారి బెంచి ఇచ్చిన తీర్పు ఈ విషయంలో అన్నిటికంటే పెద్దది. ఆ కేసు ఎట్లా మొదలయిందో చెప్పడానికే బాధగా ఉంటుంది. పదమూడేండ్ల బాలిక మీద అత్యాచారం జరిగితే, దగ్గరలో పెద్దగా పెట్టిన పాటల వల్ల ఆ పిల్ల అరుపులు ఎవరికీ వినపడలేదు. ఒక ఇంజనీరు కోర్టుకు పోయారు. ప్రశాంతంగా నిద్రపోవడం, శబ్దం లేకుండా బతకడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగం అని కోర్టు చెప్పింది. హద్దు మీరిన మైకులను, యాంప్లిఫయర్లను జప్తు చేసే ఏర్పాటు రాష్ట్రాలు చేయాలన్నది. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ నగర పోలీస్ కమిషనర్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అది ఆ నగరం వరకే, మన జిల్లాకు అది వర్తించదు. కాని అడగడానికి మనకు ఒక ఉదాహరణ అయింది.

పిల్లలు ఒక మాట అంటుంటారు, నవ్వుతూనే. ‘తాతకు ఎట్లాగు చెవులు వినరావు గదా, డీజే పెడితే ఏమైతది?’ అని. దీనికి జవాబు తెలిసి ఉండాలి. వయసుతో వచ్చే చెవుడులో చిన్న శబ్దం వినపడదు, పెద్ద శబ్దం మాత్రం ఆరోగ్యంగా ఉన్న చెవి కంటే తొందరగా నొప్పి పుట్టిస్తుంది. మధ్యన ఉండే జాగా తగ్గిపోతుంది. మనం ‘ఏందిరా, గట్టిగ చెప్పు’ అంటాం, వాడు గట్టిగా చెబితే ‘ఎందుకురా అరుస్తవు’ అంటాం. ఇంట్లో వాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు. అది చెవి గుణం. చెవి మిషన్ పెట్టుకున్న వాళ్ల సంగతి వేరే చెప్పాలా? నిద్ర గురించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఐరోపా దేశాలకు ఇచ్చిన సూచనలో రాత్రి పూట ఇంటి బయట శబ్దం 40 డెసిబెల్స్ మించకపోతే మంచిదన్నారు. రాత్రి శబ్దం వల్ల నిద్ర చెడడమే కాదు, రక్తపోటు మీద, గుండె మీద దాని ప్రభావం ఉంటుంది. బీపీ గోలీలు మింగే వాళ్లం ఈ హాలులో ఎంతమందిమి ఉన్నామో చేతులెత్తమంటే లేవని చేతులు లెక్కపెట్టడం సులువు.

ఇప్పుడు అసలైన ఇబ్బందికి వస్తాను. నియమం ఉన్నది, గడియారం ఉన్నది, అర్జీ రాయడం మనకు కొత్త కాదు. మరి ఎందుకు రాయం? భయం. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల మాట ఎంత దూరం చెల్లుతుందో మీకు తెలుసు. మంచి పనులు చేసిన కమిటీలు ఉన్నాయి, బోర్లు వేయించినవి, బడి గోడలు కట్టించినవి. మాట వినని వాళ్లను ఊరు నుంచి వెలివేసిన కమిటీల సంగతి కూడా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పండుగకు అడ్డం పడ్డాడని పేరు పడితే ముసలితనంలో పాలు పోసేవాడు కూడా రాడేమో అని మనిషి భయపడతాడు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. పిల్లలు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటారు. ఇక్కడ ఇద్దరే ముసలోళ్లు. రాత్రి గుండె నొప్పి వస్తే ఆటో తెచ్చేది ఆ మండపం దగ్గరి పిల్లలే.

ఈ భయం మన ఒక్క జిల్లాది కాదు. బోధన్ దాటితే వచ్చే మహారాష్ట్రలో, 2025 జనవరి 23న బొంబాయి హైకోర్టు మైకుల కేసులో తీర్పు ఇస్తూ, ఫిర్యాదు చేసిన వాళ్ల పేరు అడగకుండా, బయట పెట్టకుండా పోలీసులు చర్య తీసుకోవాలని చెప్పింది. అది మన రాష్ట్రంలో చట్టంగా చెల్లదు, కాని అర్జీలో ఉదహరించి, నా పేరు గోప్యంగా ఉంచగలరని కోరవచ్చు.

నా సలహా అయితే ఒంటరిగా పోవద్దని. అర్జీ సంఘం పేరు మీద, పది మంది సంతకాలతో పోవాలి. అది కూడా పండుగ నాడు రాత్రి కాదు. వినాయక చవితికి ఒక నెల ముందు పోవాలి. నియమాల ప్రకారం అధికారి అంటే జిల్లా మెజిస్ట్రేటు, పోలీస్ కమిషనర్, లేదా అందుకు నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. నిజామాబాదుకు 2016 అక్టోబరులో కమిషనరేట్ వచ్చింది, మన ఏర్గట్ల మండలం కూడా మోర్తాడ్ నుంచి విడిపడి అప్పుడే ఏర్పడింది. కాబట్టి అర్జీ కమిషనర్ గారికి, నకలు కలెక్టర్ గారికి, ఇంకొక నకలు మన ఠాణాకు. సోమవారం ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. ఆపమని లిఖిత ఉత్తర్వు ఇచ్చే అధికారం 8వ నియమం కింద ఆ పై అధికారిదే, ఠాణా రిపోర్టు ఆధారంగా గాని, మనం ఇచ్చిన సమాచారం ఆధారంగా గాని ఇస్తారు. ఎదుటి వాళ్లకు కూడా తమ మాట చెప్పుకునే అవకాశం అందులోనే ఉన్నది. అది న్యాయమే.

అర్జీలో తిట్లు వద్దు, కవిత్వం వద్దు. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, స్థలం, ఇంటికి ఎంత దూరం, ఇంట్లో రోగి ఉంటే ఆ సంగతి. రాత్రి పది తర్వాత సెల్‌ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి, గోడ గడియారం కనపడేటట్టు. ఫోన్‌లో శబ్దం కొలిచే ఆప్‌లు ఉన్నాయి గాని వాటి అంకెను అర్జీలో రాయకండి. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా నిజం కూడా పోతుంది. అందినట్టు ముద్ర వేయించుకోకుండా ఏ కాగితమూ ఇవ్వకండి. మైకు పర్మిషన్ కాగితం నకలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. అందులో ఏ టైము దాకా అనుమతి ఇచ్చారో ఉంటుంది. అదే మనకు సాక్ష్యం.

అర్జీ కంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. మండపం పెట్టే పిల్లల దగ్గరకు సాయంత్రం పూట పోయి కూచోవడం. వాళ్లు మన పిల్లలే. మొన్న నేను, ఇద్దరు సభ్యులం కలిసి మా వాడకట్టు పిల్లల దగ్గరకు పోయినం. మొదట, ‘తాతా, ఏడాదికి ఒక్కసారి గదా’ అన్నారు. ఆపమని చెప్పలేదు. డబ్బాల ముఖం ఇండ్ల వైపు కాకుండా చెరువు వైపు తిప్పమని, బేస్ తగ్గించమని, పదింటికి కట్టేయమని, ఈ మూడే అడిగినం. డబ్బాలు తిప్పారు. బేస్ తగ్గించామన్నారు, నాకు పెద్ద తేడా తెలియలేదు. మొదటి ఆరు రోజులు పదింబావుకు ఆపారు. నిమజ్జనం నాడు మాత్రం ఒంటి గంట అయింది. ఆరు రాత్రులు నిద్ర దొరికింది, మూడు రాత్రుల కోసం వచ్చే ఏడాది మళ్లీ పోతాం. ఆ పక్షవాతం వచ్చిన అక్కగారు ఉన్న వాడకట్టుకు కూడా ఈసారి మేము ముగ్గురం వస్తామని మాట ఇచ్చినం.

అర్జీ నమూనా ఒక పేజీలో రాసి యాభై ప్రతులు తీయించి తెచ్చాను, సంఘం కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి. ఖాళీలు నింపి సంతకం పెట్టడమే. చదువు రాని వాళ్లకు నింపి పెట్టడానికి నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. తర్వాత మాట్లాడే వారు లైఫ్ సర్టిఫికెట్ సంగతి చెబుతారు, అది ఎవరూ వదిలి పోవద్దు. అధ్యక్షుల వారు రెండుసార్లు గడియారం చూశారు.